దొర కారుకు నోరు

లక్ష్మీరాజానికి రోత ఎక్కువ. జగిత్యాలలో ధర్మపురి రోడ్డు మీద అతని మోటారు షెడ్డుకు ఒక్కసారి వచ్చిన డ్రైవరుకైనా ఈ సంగతి తెలిసిపోయేది. మోచేతుల దాకా నల్లటి ఆయిలులో ముంచుకొని బతికే మనిషికి రోతేమిటని కొత్తవాళ్లు నవ్వేవారు. ఆయిలంటే అతనికి రోత లేదు. వంకర పనంటే రోత. బోల్టు బిగించాల్సిన చోట ఇనుప తీగ చుట్టి వదిలేసిన బండి వస్తే, ఆ తీగను చచ్చిన ఎలుకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి, "ఎవడు జేసిండు గిది? వాడు అన్నమే తింటుండా?" అని అడిగేవాడు. చేసినవాడు ఎదురుగానే ఉన్నా అలాగే అడిగేవాడు.

అన్నిటికన్నా రోత, పనికిరాని చప్పుడు. ఇంజను నడుస్తుంటే పక్కన నిలబడ్డ ఇద్దరు మామూలు గొంతుతో పిల్లపెళ్లి ముచ్చట మాట్లాడుకోగలగాలి, అప్పుడే అది బాగుపడ్డట్టు, అనేవాడు. పందొమ్మిది వందల అరవై దాటాక సోకుగాళ్లు కొందరు మోటారు సైకిళ్లు తెచ్చి, సైలెన్సర్ ముందర కటౌట్ పెట్టమని అడగడం మొదలుపెట్టారు. వాళ్ల మీద అతను పానా విసిరేవాడు. నిజంగానే విసిరేవాడు. ఒకడికి మోకాలు చిప్ప వాచింది కూడా.

కటౌట్ అంటే సినిమా హాలు ముందు నిలబెట్టే బొమ్మ కాదు. ఇంజను నుంచి పొగ వెళ్లే గొట్టానికి సైలెన్సర్ రాకముందే ఒక చిల్లి పొడిచి, దానికో మూత పెడతారు. మూత మూసి ఉంటే పొగ సైలెన్సర్ గుండా సాధువుగా పోతుంది. మూత తెరిస్తే ఇంజను గొంతు నేరుగా బయటపడి పిడుగు పడ్డట్టు అరుస్తుంది. మన దగ్గర డ్రైవర్లు దాన్ని నోరు అనేవారు. అలాంటి నోటిని లక్ష్మీరాజం తన చేత్తో ఒకే ఒక్కసారి చేశాడు. యాభై తొమ్మిదిలో, తుమ్మలగట్టు దొర కారుకు. ఆ పని ఎంత బాగా కుదిరిందో తలుచుకున్నప్పుడల్లా అతనికి రోత పుట్టేది.

తుమ్మలగట్టు అతను పుట్టిన ఊరే. జగిత్యాలకు నాలుగు కోసుల దూరం. తండ్రి అంతయ్య ఆ ఊరి కమ్మరి. నిజాం రాజ్యంలో ఊరు మొత్తం దొరది. రోడ్డు, రోడ్డు మీది దుమ్ము, ఆ దుమ్ములో నడిచే మనుషులు, అన్నీ దొరవే. దొర ఉండే కోటలాంటి గడీలోంచి కారు బయలుదేరిందంటే దారి పొడుగునా కూర్చున్నవాళ్లు లేవాలి, చెప్పులు విడవాలి, తలకు చుట్టిన రుమాలు తీసి చంకలో పెట్టుకోవాలి. పెద్ద యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క పెద్దదొర గట్టు దిగేటప్పుడు ఇంజను ఆపేసి కారును ఊరికే జారనిచ్చేవాడు. అలా ఒక మధ్యాహ్నం కారు చడీచప్పుడు లేకుండా జారుతూ కొలిమి ముందుకు వచ్చింది. అంతయ్య రోడ్డుకు వీపు పెట్టి నాగలి కర్రు సాగగొడుతున్నాడు. పాతికేళ్ల సమ్మెట దెబ్బలకు అప్పటికే చెవులు సగం పోయాయి. కారు వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. లేవలేదు.

గడీ ముందర అతన్ని నడుం వంచి నిలబెట్టి వీపు మీద బండ ఎత్తారు. పొద్దు గుంకేదాకా అలాగే. పన్నెండేళ్ల లక్ష్మీరాజాన్ని కూడా పిలిపించి ఎదురుగా నిలబెట్టారు, చూసి నేర్చుకోవాలని. తండ్రి ముక్కు కొస నుంచి చెమట ఒక్కొక్క చుక్కే దుమ్ములో పడుతుంటే వాడికి ఏడుపు రాలేదు, వాంతి వచ్చింది. గడీ వాకిట్లో కక్కినందుకు వాడికీ నాలుగు పడ్డాయి. ఆ వాంతి రుచి, ఆ తర్వాత అతనికి ఏ రోత కలిగినా నాలుక మీదికి వచ్చేది. రెండేళ్లకు ఊరు విడిచి జగిత్యాల వచ్చి లారీల కింద దూరాడు.

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగింది, నిజాం రాజ్యం పోయింది. దొరలు మూటాముల్లె కట్టుకొని హైదరాబాదు మేడల్లో చేరారు. ఇక్కడ అంతయ్య ఒక పని చేశాడు. రోడ్డుకు వీపు పెట్టి కూర్చునేవాడల్లా ముఖం పెట్టి కూర్చున్నాడు. కొలిమి ముందర ఒక బండ వేసుకొని, "ఇగ ఆ కారుకు నేను లేవ. సచ్చినంక ఎత్తుకపోతె పోనీయున్రి" అన్నాడు. మామిడిపండ్ల కాలంలో దొరలు కారులో ఊరికి వచ్చినప్పుడు కాళ్లు బారచాపుకొని కూర్చునేవాడు. వంగిన నడుము తిరిగి సరిగా కాలేదు గాని, కూర్చుంటే మాత్రం నిటారుగా కనిపించేవాడు. మొదట్లో ఊరు భయపడింది. రెండో ఏడాది సాలెవాడలో లస్మవ్వ లేవడం మానింది. తర్వాత వాడ మానింది, ఆ తర్వాత ఊరు మానింది. ఎవరైనా అడిగితే, కమ్మరి అంతయ్యే లేవడు, మేమెందుకు లేస్తామనేవారు. ఊరికి అంతయ్య కూర్చున్న ఆ బండే ధైర్యం. జగిత్యాలలో లక్ష్మీరాజానికి కూడా అంతే. అతనికి చెప్పుకోవడానికి మిద్దె లేదు, పొలం లేదు. "మా బాపు లేవడు" అని మాత్రం చెప్పుకునేవాడు.

చెవులు ఆ పదేళ్లలో పూర్తిగా పోయాయి. పక్కన తుపాకి పేలినా వినబడదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. హైదరాబాదులో ఉండే దొరలకు మాత్రం తెలియదు. వాళ్లకు అంతయ్య చెవుల గురించి ఎవరు చెబుతారు?

పంచాయతీ సమితి ఎన్నికలు వస్తాయని అనుకుంటున్న ఆ ఏడాది, ఎండలు ముదిరిన వేళ, షెడ్డు ముందు భూమి అదిరింది. పెద్దదొర ఎప్పుడో చచ్చాడు. వచ్చింది కొడుకు మురహరిరావు. నలభై దాటిన మనిషి, మల్లెపువ్వులాంటి ధోవతి, నోట్లో పాన్. కారు మాత్రం తండ్రిదే, ముప్పైల నాటి అమెరికా కారు, ఎనిమిది సిలిండర్లది. తలుపు తీయగానే అత్తరూ ఎలుకల ఉచ్చా కలిసిన వాసన గుప్పుమన్నది. దొర దిగుతూనే ఎర్రటి ఉమ్మి షెడ్డు గడప మీద ఉమ్మాడు. లక్ష్మీరాజం దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమ్రా లచ్చీరాజం, మంచిగున్నవా? గీ కారు నోరు జర సక్కగ సేసియ్యి."

"సక్కగనే అరుస్తుంది గద సార్" అన్నాడు లక్ష్మీరాజం. దొరా అని అతను ఎవరినీ పిలిచేవాడు కాదు.

"అరుస్తది. అదే పరేషాన్" అని మురహరిరావు సంగతి చెప్పాడు. ఎవడో భజనపరుడు అతనికి ఎక్కించాడట, దొరవారి కారుకు బొత్తిగా చప్పుడు లేదు, అందుకే జనానికి తెలియక లేవడం లేదు, తెలిస్తే లేవరా అని. దొర నమ్మాడు. ఇలాంటివి నమ్మడానికి దొరే కావాలి. ఎక్కడో ఒక మెకానిక్కుతో గొట్టానికి చిల్లి పొడిపించి నోరు పెట్టించాడు. ఇప్పుడు కారు మైలు దూరం నుంచే వినిపిస్తోంది. తీరా ఊళ్లోకి వస్తే ఒక్క మనిషి ఉండటం లేదు. చప్పుడు వినగానే అందరూ ఇళ్లలోకి పోయి తలుపులు పెట్టుకుంటున్నారు. లేవనూ అక్కర లేదు, లేవలేదనిపించుకోనూ అక్కర లేదు.

"కుక్కలు సుత ఉంటలేవురా ఊర్లె!" అన్నాడు దొర.

లక్ష్మీరాజానికి నవ్వు ముంచుకొచ్చింది. గుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

"ఇగ నువ్వేం జెయ్యాలంటె, సప్పుడు లేకుంట నడూర్లకు పోవాలె. ఆడ ఒక్కసారి గుంజాలె, తెర్సుకోవాలె. కూసున్నోడు కూసున్నట్టే ఎగిరి లేవాలె." చేత్తో ఎగిరినట్టు చూపించి దొర పకపక నవ్వాడు. పళ్ల సందుల్లో ఎర్రటి వక్కముక్కలు కనిపించాయి.

ఎంత రోత మనిషి! లేవమని చెప్పే దమ్ము పోయింది, లేవాలన్న ఆశ చావలేదు. భయపెట్టి గెంతించి దాన్నే మర్యాద అనుకుంటాడట. లక్ష్మీరాజం నాలుక మీద పాత రుచి తగిలింది.

"నాతోని గాదు సార్. ఇంకెవనికన్న సూపెట్టుకోన్రి."

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కాని అతను తన ఖర్మ కాలి, ఆ పాత నోరు ఎలా పెట్టారో చూద్దామని కారు కింద దూరాడు. చూశాక బయటికి రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. గొట్టాన్ని రంపంతో కాదు, ఉలితో నరికారు. అంచులు కుక్క కొరికినట్టున్నాయి. మూత నూనె డబ్బా రేకు, చుట్టూ తీగ. చిల్లి మూతి నేరుగా పైకి తిరిగి, కాళ్ల కింది చెక్క పలకను మాడ్చి బొగ్గు చేసింది. పెట్రోలు గొట్టం బెత్తెడు దూరంలో ఉంది. ఇంకో నెల తిరిగితే దొర కారుతో సహా తగలబడి ఉండేవాడు. ఆ ముక్కకు లక్ష్మీరాజం అంతగా బాధపడలేదు. కాని ఆ తీగను, ఆ రేకును అలా వదిలేసి తాను సాయంత్రం అన్నం ఎలా తింటాడు?

"ఎవడు జేసిండు గిది?" అని అరిచాడు కారు కిందినుంచే. అతను ఒప్పుకున్నట్టు దొరకు అక్కడే అర్థమైంది.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య బాలవ్వ కారును గుర్తుపట్టి గిన్నె కింద పెట్టలేదు. "మనిషిని సూస్తె రోతంటవు. మల్ల వాని పనెట్ల వడితివి?" అని అడిగింది.

"పని వానిది గాదే, నాది" అన్నాడు లక్ష్మీరాజం.

"గట్లనే అనుకో" అని గిన్నె పెట్టి పోయింది.

ఈ కారు నోళ్లలో మూడు రకాలు ఉంటాయి. బోల్టులతో బిగించే మూత ఒకటి. దిగి విప్పితే గాని తెరుచుకోదు, విప్పాక మూసుకోదు. ఇంతకుముందు దొరకు పెట్టింది దాని దరిద్రపు తమ్ముడు. రెండోది సొరుగులా పక్కకు జరిగే పలక. వారం రోజుల్లో మసి పట్టి బిగుసుకుపోతుంది. మూడోది చిన్న తలుపులాంటిది. ఇరుసు మీద తిరుగుతుంది, స్ప్రింగు మూస్తుంది, తీగ గుంజితే తెరుచుకుంటుంది. లక్ష్మీరాజం మూడోదే ఎన్నుకున్నాడు. మూతిని పైకి పెడితే పలక మాడుతుంది, కిందికి పెడితే రోడ్డు మీది దుమ్మంతా లేచి కారులోకే వస్తుంది. అందుకని వెనక్కి ఏటవాలుగా, పెట్రోలు గొట్టానికి మూరెడు దూరంగా తిప్పాడు. ఇరుసును వెంట్రుకంత వదులుగా ఉంచాడు, వేడికి ఉబ్బినప్పుడు పట్టేయకుండా. స్ప్రింగును గొట్టం దగ్గర పెడితే వేడికి పదును పోతుందని దూరంగా లాగాడు. సైకిల్ బ్రేకు తీగ సగం దూరం. గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఇనుప కడ్డీ, ఎందుకంటే అక్కడ తీగలోని గ్రీజు కాలిపోతుంది. తలుపును దాని గూట్లో ఇంజను వాల్వును నూరినట్టు నూరాడు. మూసి ఉంటే అందులోంచి చీమ ఊపిరి కూడా బయటికి రాదు.

మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ అతను ఈల వేస్తూ పని చేశాడు. తర్వాత తలుచుకుంటే అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ ఈలే.

గుంజే పిడిని స్టీరింగు వైపు పెట్టడానికి చోటు లేకపోయింది. అటు బ్రేకు కడ్డీలు అడ్డం వచ్చాయి. పొగ గొట్టం ఎడమ పక్కన పోతుంది కాబట్టి పిడిని కూడా ఎడమ సీటు కిందే బిగించాడు.

"పక్కన కూసున్నోళ్లు గుంజాలె సార్" అన్నాడు దొర వచ్చాక.

"మంచిదే. నేను గుంజుడేంది?" అన్నాడు మురహరిరావు. "నువ్వే కూసో. ఊర్లకు పోయి సూద్దాం. సెడిపోతె ఆణ్నే సక్కజేస్తవు."

కారు ధర్మపురి రోడ్డు దిగి మట్టిదారి పట్టింది. మూత మూసి ఉంది. ఇంజను ఎంత మెత్తగా ఉందంటే కంకరరాళ్లు టైర్ల కింద నలిగే చప్పుడు వినిపిస్తోంది. లక్ష్మీరాజానికి తెలియకుండానే ముఖం విప్పారింది.

"ఊరంత ఒకెత్తు, మీ అయ్య ఒకెత్తురా" అన్నాడు దొర రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. "వాడు లేస్తె ఊరు లేస్తది. గర్వం వానికి. బాంబు వేసినట్టయితె సూస్త, ఎట్ల లేవడో."

లక్ష్మీరాజం చూపు సీటు కింది పిడి మీదికి పోయింది. వెంటనే ఇంకో సంగతి తట్టింది. వీడికి తెలియదు! అంతయ్య గర్వంతో కూర్చున్నాడు, అది నిజమే. కాని వీడి నోరు వీడు ఎంత తెరిచినా ఆ చెవులకు దూరదు. ఊరంతా చూస్తుండగా దొర తన అరుపుల కారు తెచ్చి అంతయ్య ముందు ఆపుతాడు. గుంజుతారు. ముసలాయన కంటిరెప్ప కూడా కదపడు. అప్పుడు ఈ పాన్ ముఖం ఎలా వేలాడుతుందో పక్కనే కూర్చొని చూడొచ్చు. పద్నాలుగేళ్ల కిందటి వాంతికి ఇన్నాళ్లకు విరుగుడు దొరికిందనుకున్నాడు.

"గుంజుత సార్" అన్నాడు.

సాలెవాడ మలుపులో దొర కనుసైగ చేశాడు. లక్ష్మీరాజం గుంజాడు. అరుగుల మీద కూర్చున్న జనం నిజంగానే గాల్లోకి లేచారు. ఒకామె చంకలోని కుండ జారి పగిలింది. కోళ్లు కప్పుల మీదికి ఎగిరాయి. లస్మవ్వ గుండె మీద చెయ్యి వేసుకొని గోడకు ఆనుకొని నిలబడింది, ముఖంలో నెత్తురు లేదు. దొర నవ్వీ నవ్వీ ఎర్రటి చొంగ గడ్డం మీదికి కార్చుకున్నాడు. లస్మవ్వ కారు లోపలికి చూసింది. లక్ష్మీరాజాన్ని గుర్తుపట్టింది. ఆమె గురించి అతను లెక్క వేసుకోలేదు. తండ్రి దాకా వెళ్లిన ఆలోచన దారిలో ఉన్నవాళ్ల దగ్గర ఆగలేదు.

పిడి వదిలాడు. కారు మళ్లీ పిల్లిలా నడిచి కొలిమి ముందు ఆగింది. జనం వెనకాలే పోగయ్యారు. అంతయ్య బండ మీద ఉన్నాడు. కాళ్లు బారచాపి ఉన్నాయి.

"గుంజు" అన్నాడు దొర.

గుంజాడు. కారు శివాలెత్తింది. కొలిమిలోని బూడిద లేచింది, గోడకు తగిలించిన కొడవళ్లు గలగలమన్నాయి. అంతయ్య కదలలేదు. ముక్కు మీద వాలిన ఈగను తోలుకున్నాడు. దొర చేయి స్టీరింగు మీద బిగుసుకుంది, కింది దవడ జారింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. లక్ష్మీరాజం దొర ముఖాన్ని కళ్లారా చూశాడు. పిడి ఇంకా గట్టిగా గుంజి పట్టుకున్నాడు. బతుకులో అంత తియ్యగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు అంతయ్య కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నిప్పుల వెలుగుకు కళ్లు కూడా మసకబారాయి మరి. అతను దొర వైపు చూడటం లేదు. ఎడమ సీటు వైపు చూస్తున్నాడు. ముడతల ముఖం మెల్లగా విచ్చుకుంది. చాపిన కాళ్లు ముడిచాడు. మోకాలి మీద చెయ్యి ఊని, వంగిన నడుముతో, లేచాడు.

వద్దు బాపు, కూర్చో, అని లక్ష్మీరాజం అరిచాడు. తను చేసిన నోటి ముందు ఆ అరుపు అతనికే వినిపించలేదు. పిడి మీద చెయ్యి కొయ్యబారింది. వంగిన మనిషి రెండు చేతులూ ముందుకు చాపి కారు దగ్గరికి వస్తున్నాడు. వెనకనుంచి చూసేవాళ్లకు అది దండం పెట్టినట్టే ఉంటుంది.

"లేసిండు!" దొర సీటు మీద చరిచాడు. "సూసినవా, లేసిండు!"

లక్ష్మీరాజం పిడి వదిలాడు. ఊరు నిశ్శబ్దమైంది. అంతయ్య కిటికీలోంచి కొడుకు చెంప పట్టుకొని, చెవిటివాళ్లు మాట్లాడే పెద్ద గొంతుతో, "ఎన్నాళ్లాయె బిడ్డా! నిన్ను జూసి లేసిన. దా, దిగు" అన్నాడు.

"ఇన్నరా సార్? నన్ను జూసి లేసిండు. నా కోసం" అన్నాడు లక్ష్మీరాజం.

మురహరిరావు పాన్ మరో బుగ్గకు మార్చుకున్నాడు. "ఎందుకు లేసిండో ఎవనిక్కావాల్రా? లేసిండు, ఊరు సూసింది" అని, లక్ష్మీరాజం దిగగానే పక్కకు ఒరిగి తానే పిడి గుంజి, కారును అరిపించుకుంటూ వెళ్లాడు. రోడ్డు పక్క ఉన్న జనం ఇళ్లకు పోలేదు. కారు పోతుంటే ఒకరిద్దరు తలగుడ్డ మీద చెయ్యి వేసుకున్నారు. తీయాలా వద్దా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు తీశాడు.

లక్ష్మీరాజానికి తన చేతులంటే రోత పుట్టింది. కొలిమి పక్కన నీళ్ల తొట్టిలో వాటిని ముంచి, ఇసుక వేసి రుద్దాడు.

అంతయ్యకు ఇవేవీ తెలియవు. మెల్లగా తిరిగి బండ మీద కూర్చొని, కాళ్లు బారచాపి, దుమ్ములో కనుమరుగవుతున్న కారు వైపు గడ్డం ఎగరేశాడు.

"సూసినవా కొడుకా, పదకొండేండ్లాయె. ఆ కారుకు నేను ఒక్కనాడు లేవలే" అన్నాడు.

ఊరంతా చూస్తోంది. అవును, లేవలేదు అన్నట్టు లక్ష్మీరాజం తల ఊపాడు.